చెవిమేస్త్రీ కొనని బండి

పేటలో ఆయన్ని అందరూ చెవిమేస్త్రీ అనేవారు. పాత బండి కొనాలంటే ముందు ఆయన్ని వెంటబెట్టుకుపోవాల్సిందే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఇది పనికిరాదురా, పద" అన్నాడంటే ఇక తిరుగులేదు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు.

అందరికీ చూసిపెట్టినవాడికి సొంతానికి కొనుక్కోవాల్సిన రోజు వచ్చింది. ఇనుప గేట్లు మోసే తన బండి తుక్కుకు పోయింది. నిండా ఇనుము వేసినా నడుం వంచని గట్టి పికప్ కావాలి. ఆలుమగలు పదేళ్లు కూడబెట్టినదంతా భార్య చేతిసంచిలో ఉంది. అది పోతే మళ్లీ కూడబెట్టే వయసు కాదు.

పాత బండ్ల షెడ్డులో ఒక తెల్ల పికప్ ఆయన కంటికి ఆనింది. కింద దూరి స్ప్రింగు పట్టాలు తడిమాడు. అతుకులేమైనా ఉన్నాయేమోనని ఛాసిస్‌ను గోటితో గీకి చూశాడు. ఆపైన స్టార్టు చేయించి ఇంజన్ మీదికి వంగాడు. వెనక నుంచి షెడ్డు యజమాని ధర చెప్పాడు. ఆయన పలకలేదు.

"సరే మేస్త్రీ, మీరు గనక ఇరవై వేలు తగ్గిస్తా."

పలకలేదు.

"అబ్బ, బండరాయిలా ఉన్నారే! ఇంకో ఇరవై. ఇంతకన్నా దిగితే మా ఆవిడ నన్నే అమ్మకానికి పెడుతుంది."

తోడు వచ్చిన పక్కింటి వెల్డరు మురిసిపోయాడు. "చూశావా వదినా, నోరు మెదపకుండా అన్నయ్య నలభై దించాడు!"

మేస్త్రీ భార్య నవ్వబోయి ఆగిపోయింది. ఇంజన్ రొద అడుగున టక్... టక్... టక్... అని ఏదో కొట్టుకుంటోంది. 'ఈ చప్పుడుందంటే బండి పని అయిపోయినట్టే' అని ఒకప్పుడు ఆయనే ఆమెకు వినిపించిన చప్పుడు.

ఆయన నడుం ఎత్తి, "ఇంజన్ బంగారం" అన్నాడు.

అప్పుడు ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రెండు పిలుపులకు పలక్కపోతే పొగరనుకుంది. రేడియో పెద్దగా పెడితే సరదా అనుకుంది. తలుపు బాదినా లేవకపోతే మొద్దునిద్ర అని తిట్టింది కూడా.

యజమాని కాగితాలు తీస్తున్నాడు. ఉన్నమాట అంటే డబ్బు దక్కుతుంది. కానీ ఆయన పేరు ఇక్కడే, నలుగురిలో, మంటగలుస్తుంది.

ఆమె వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి, "నాకీ రంగు నచ్చలేదండీ!" అంది గట్టిగా.

"ఏంటీ?"

"తెలుపు వద్దు. ఊరికే మాసిపోతుంది."

"బండి కొంటున్నామా, చీర కొంటున్నామా? మతి పోయిందా నీకు?"

"పోయిందనే అనుకోండి. డబ్బు మాత్రం ఇవ్వను." సంచి చంకలో అదిమిపట్టుకుని గేటు దాటేసింది.

మర్నాటికి పేటంతా ఆమెను ఆడిపోసుకుంది. నోటిదాకా వచ్చిన బేరాన్ని రంగు వంకతో చెడగొట్టిందట, ఎక్కడైనా విన్నామా! ఆమె తల వంచుకుని అన్నీ పడింది. ఆయన మూడు రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాడు. ఆ మూడు రోజులూ ఆమె మాత్రం, ఎప్పుడూ లేనిది, ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా చెప్పింది.

నాలుగో రోజు వెల్డరు వచ్చాడు. "అన్నయ్యా, మా బావమరిది వ్యాను కొంటాడట. ఒక్కసారి వచ్చి చూసిపెడుదూ."

ఆయన వెల్డరు పెదవులకేసి చూస్తూ విన్నాడు. గూట్లో ఉన్న స్క్రూడ్రైవర్ తీసి, పిడి పంచెతో తుడిచి, భార్య చేతిలో పెట్టాడు.

"మీ వదినను తీసుకెళ్లరా. రంగులు నాకన్నా ఆమెకే బాగా తెలుస్తున్నాయి."

వెల్డరు పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.