షబానా మిషినుకు నేను పెట్టిన బొట్టు

మొన్న దసరా నాడు నా చేతుల ఒక మిషిను సచ్చింది. మల్ల లేచింది, గందుకే గిట్ల నిమ్మలంగ చాయ్ తాగుకుంట చెప్తున్న. లేకుంటే ఏ మొకం పెట్టుకోని చెప్పుదును! మీ జొన్నలు నా గిర్నిల పిండి ఆడేదాంక టైం ఉన్నది గద, ఇనుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గని పిండిల చాయ్ వొలకబొయ్యకుండ్రి.

మా మీది అర్రల కిరాయికుంటది సూడుండ్రి, షబానా. మక్తల్ పిల్ల. కంప్యూటర్ నౌకరి, ఇంట్ల కూసొనే చేస్తది. మోత్కూర్ల నెట్టు మంచిగొస్తది, కిరాయి తక్కువని ఈడుంటది. ఒకనాడు అడిగిన.

"పొద్దంత గా డబ్బా ముంగట ఏం చేస్తవే బిడ్డా?"

"మిషిన్లు నడిపిస్త ఆంటీ."

"ఏవీ? నాకొక్కటే కనబడ్తాంది."

"లోపలున్నయి. ఒక్క కంప్యూటర్ల ఇంక కొన్ని కంప్యూటర్లు. నిజంగ ఉండయి, గని పని చేస్తయి. వర్చువల్ మిషిన్లు అంటరు."

"మా మరిది దానికి ఉల్టా. నిజంగ ఉంటడు, పని చెయ్యడు."

ఆ పిల్ల పక్కున నవ్వింది. నవ్వి, తాను కనిపెట్టినదాని సంగతి చెప్పింది. గా లోపలి మిషిన్లు నడుస్త నడుస్త ఒక్కోపారి పడిపోతయంట. ఎందుకు పడ్డయో ఎవ్వలికీ సమజ్ గాదంట. ఈమె ఏం చేసిందంటే, మిషిను చేసే ప్రతి పనిని ఎమ్మటెమ్మటే ఎక్కడో దూరం ఉన్న కంప్యూటర్ల దాసిపెట్టేటట్టు చేసింది. "ఇది ఈడ పడ్డదనుకో ఆంటీ, ఆడ లేస్తది. ఎక్కడ పడ్డదో అక్కడ్నుంచే నడుస్తది. పడకముందు ఏమేమైందో గూడ రీలు తిప్పినట్టు తిప్పి సూపిస్తది."

"మంచిగున్నదే! మా ఆయన బండి మీదికెల్లి పడ్డనాడు గిసొంటిది లేకపాయె," అన్న. పిల్ల మొకం చిన్నగ చేసింది. ఉన్న మాటే గద అన్న, దానికేం!

ఇగ దసరా వచ్చింది. మన పద్ధతి మీకెర్కే. ఆ దినం ఏ మిషినన్న సరే బంద్ పెట్టాలె, కడగాలె, పసుపు కుంకుమ పెట్టాలె, నిమ్మకాయ పెట్టాలె. పొద్దుగాల్నే గిర్ని కాడ కూసున్న. "మొగడు లేనిదానివి, కుంకుమ పట్టుకుంటవా?" అని ఎదురింటామె అననే అన్నది. "బొట్టు నాకు గాదమ్మా, మోటరుకు! అది ముత్తైదువనే," అన్న.

మోటరు, దాని బెల్టు పట్టా, తరాజు, కుట్టుమిషిను, మిక్సీ... అన్నిటికీ పెట్టిన. పళ్లెంల ఇంక పసుపు కుంకుమ మిగిలె. అప్పుడు యాదికొచ్చింది షబానా మిషిను.

ఆ పిల్లకు ఆ దినం మస్తు పెద్ద పనుండె. మూడు గంటలకు బయటి దేశం పెద్దసార్లకు తన మిషిను సూపియ్యాలె. ఆళ్లకు దసరా లేదు, గిసరా లేదు. "ఇయ్యాల నచ్చకుంటే పక్కకు పడేస్తరు ఆంటీ, నా కష్టమంత మట్టి పాలు," అని పొద్దుగాల నుంచి తినలే, తాగలే. పెద్దసార్ల ముంగట కొత్త కుర్తా ఏసుకోవాలని పక్క గల్లీల దర్జీ దగ్గరికి ఉరికింది. పోయేటప్పుడు, "ఆంటీ, తలుపు దగ్గరేసిన, జర సూస్తుండుండ్రి," అన్నది.

సూస్తుండుమన్నది. సూసుడుతోని ఊకుంటనా నేను!

పాపం, అంత పెద్ద పని ముంగటున్నది, పండుగ పూట మిషినుకు బొట్టు లేదు. పళ్లెం పట్టుకోని మీదికి పోయిన. డబ్బా, గదే లాప్‌టాప్ అంటరు గద, తెరిచే ఉన్నది, ఎలుగుతాంది. నడిచే మిషినుకు చెయ్యి పెట్టొద్దు, గిర్నిల మొదటి పాఠం గదే. పట్టాల చెయ్యి పడితే అవుతలికి పోతది. గందుకే గోడకున్న స్విచ్చి బంద్ చేసిన. అయినా ఎలుగుతనే ఉన్నది! నాకు ఫికర్ గాలే. గిర్ని బంద్ చేసినంక గూడ రాయి జరసేపు తిరుగుతది గద, ఇది గూడ గంతే, తిరిగి తిరిగి ఆగుతది అనుకున్న. జరసేపు నిలవడ్డ.

ఆగలే. మూడు గంటలకు టైం అయితాంది. సరే అని పసుపు రాసి, ఉంగరం ఏలుతోని బొట్టు పెట్టుడు షురు చేసిన. ఒక్క గుండీకి పెట్టి ఒక్కదానికి పెట్టకుంటే పాపం గద! మీది లైను, నడిమి లైను, కింది లైను, ఉల్లినారు పెట్టినట్టు వరుసగ అన్నిటికి పెట్టిన. పెట్టినకొద్ది తెర మీద అచ్చరాలు పడుతున్నయి. అబ్బ, మిషిను మొక్కు తీసుకుంటాంది అనుకున్న! ఆఖరికి మామిడాకుతోని పసుపు నీళ్లు సల్లిన.

టప్పున నల్లగైంది.

"హమ్మయ్య, ఇప్పటికి ఆగింది," అనుకోని, కోసిన నిమ్మకాయ పక్కన పెట్టి కిందికి దిగిన. నా మనసుల ఎంత సంబురమో!

షబానా కొత్త కుర్తాతోని వచ్చింది, మీదికి పోయింది. "యా అల్లా!" అని ఒక్క కేక. ఉరికిన. పిల్ల మంచం మీద కూలబడ్డది. డబ్బాల నుంచి పచ్చ నీళ్లు కారుతున్నయి.

"ఆంటీ... గిదేంది?"

"పండుగ బిడ్డా. మల్ల స్విచ్చి ఎయ్యి, నడుస్తది."

ఏసింది. ఒత్తింది. మల్ల ఒత్తింది. నడువలే. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మొగడు పోయిన్నాడు గూడ నేను గంత భయపడలే.

"జొన్నలల్ల పెట్టి ఆరబెడుదునా?" అన్న.

"ఆంటీ, దండం పెడ్త, మీరు ముట్టుకోకుండ్రి!"

జల్ది పెట్టెలకెల్లి ఒక పాత కంప్యూటర్ తీసింది. ఒక మూల పగిలున్నది. ఏందో కొట్టింది, ఊపిరి బిగవట్టింది. నేను గూడ బిగవట్టిన. తెర ఎలిగింది. సూసి సూసి ఆ పిల్ల గట్టిగ అరిచింది. "లేచింది ఆంటీ! ఎక్కడ పడ్డదో అక్కడ్నే లేచింది! నెట్టు డబ్బా మీ అర్రల ఉండె, మీరు దాన్ని ముట్టలే, బతికిపోయినం!"

దానికి బొట్టు పెట్టుడు యాది మర్చిన అని నేను చెప్పలే.

మూడు గంటలకు పెద్దసార్లు తెర మీదికొచ్చిండ్రు. నేను తలుపు ఎనుక కూసున్న. షబానా దాసుకోలే, గిప్పుడే మిషిను పడ్డది, ఎందుకు పడ్డదో సూపిస్త అన్నది. రీలు తిప్పింది. తెర మీద అచ్చరాలు ఒక్కటొక్కటి పడుతున్నయి, ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కుకు, లైను ఎంబడి లైను. నా ఏలు కనబడ్తలేదు గని, నాకు తెల్వదా నా చేతి పని! ఆఖరికి నీళ్లు పడ్డకాడ అచ్చరాలు పిచ్చి లేసినట్టు ఉరికి, ఆగిపోయినయి.

ఒక సారు కండ్లద్దాలు సవరించుకోని ఏందో అడిగిండు. షబానాకు నవ్వు ఆగుతలేదు. తర్వాత నాకు చెప్పింది. "'మస్తు మందిని సూసినం గని ఇంత పద్ధతిగ దాడి చేసినోణ్ని సూడలే, ఎవడు వాడు?' అని అడిగిండు ఆంటీ."

"నువ్వేమన్నవ్?"

"మా ఇంటి ఓనరాంటీ, పండుగ చేసింది అన్న. అందరు ఒక్కటే నవ్వుడు. మేం ఎన్ని తీర్ల పడగొట్టి సూసినా గీ తీరు తోచలే, దీనికి గూడ లేచిందంటే ఇగ దేనికన్న లేస్తది అన్నరు. ఖాయం చేసిండ్రు ఆంటీ!"

నా పానం అప్పుడు జాగల పడ్డది. పచ్చ నీళ్ల డబ్బా కంపెనీదేనట, ఇంకోటి పంపుతరట. షబానా నాకు మిఠాయి తెచ్చింది. ఎంబడే తన తలుపుకు తాళం గూడ తెచ్చింది.

అయిపాయె అనుకున్ననా, ఇయ్యాల పొద్దుగాల గిర్ని తెరిచిన. మీ జొన్నలే మొదటి బోణి. కుండీల పోసి స్విచ్చి ఏసిన. మోటరు తిరుగుతాంది, రాయి తిరుగుతాంది, పిండి వస్తలేదు! మోటరును తిట్టిన, కరెంటోళ్లను తిట్టిన, మీ జొన్నలల్ల రాళ్లున్నయని మిమ్మల గూడ తిట్టిన. షబానా దిగొచ్చింది.

"ఆంటీ, ఆగుండ్రి. నా మిషిను లెక్క ఎనుకకు పోయి సూద్దాం. మొన్న దీనికి ఏమేం చేసిండ్రు?"

"బంద్ చేసిన. కడిగిన. పసుపు రాసిన. బొట్టు పెట్టిన. కుండీల నిమ్మకాయ పె..."

ఆడికి ఆపిన. ఆ పిల్ల మోటరు బంద్ చేసి, కుండీ మూతిల చెయ్యి పెట్టి తీసింది నిమ్మకాయ, సగం నలిగి ఉన్నది.

ఇగో, మీ పిండి అయిపాయె, తీస్కపోండ్రి. రొట్టె జర పుల్లగుంటే మాత్రం ఎందుకున్నదని మల్లొచ్చి అడుగకుండ్రి.