రేపల్లెలో పెన్షన్ కిటికీ

మొన్న బాపట్లలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, నేనింకా బతికే ఉన్నానని ప్రభుత్వానికి తెలియజేసే పనిని ఆ పిల్ల వంటింటి గుమ్మంలోనే ముగించేసింది. ఫోను నా మొహానికెదురుగా పట్టుకుని కళ్ళు ఆర్పమంది, ఆర్పాను, అయిపోయిందమ్మా అంది. పెన్షన్ తీసుకునే మన వయసువాళ్ళందరికీ ఏటా తప్పని పనే కదా, ఇంత తేలికైనందుకు సంతోషించాను గానీ, ఆ మధ్యాహ్నమంతా మనసు రేపల్లె మీదికే పోయింది.

నా మొదటి ఉద్యోగం అక్కడే, పెన్షన్లు చెల్లించే ఓ చిన్న ప్రభుత్వ ఆఫీసులో. కాపురమేమో తెనాలిలో, మా ఆయనకి అక్కడ టైలరు షాపు. పాప ఇంకా పాలు మానలేదు. పొద్దున్నే దాన్ని మా అత్తమ్మ ఒళ్ళో పెట్టి రేపల్లె బండెక్కి, వేమూరు దాటేదాకా ఏడుపు ఆపుకుంటూ, భట్టిప్రోలు వచ్చేసరికి కొంగుతో మొహం తుడుచుకుని ఉద్యోగస్తురాలినయ్యేదాన్ని. సాయంత్రం బండి ఆలస్యమైతే రవిక తడిసిపోయేది. ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసిన నా తోటివాళ్ళకి ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

నెల మొదట్లో మా ఆఫీసు వరండా నిండిపోయేది. నగరం అనే పక్క ఊరి వైపు నుంచీ, సముద్రం పక్క పల్లెల నుంచీ బస్సుల్లో వచ్చేవాళ్ళు. రిటైరైన బడిపంతుళ్ళు, బంట్రోతులు, భర్త పోయిన ఆడవాళ్ళు. డబ్బులు ఎలాగూ ఇస్తాం, దానికంటే ఆ వరండాలో ఒకరినొకరు చూసుకోవడమే వాళ్ళకి ముఖ్యమేమో అనిపించేది నాకు. వాళ్ళలో ఒక పెద్దావిడని మేమంతా లాకుల మామ్మ అనేవాళ్ళం. ఆవిడ భర్త కాలువ లాకుల దగ్గర తలుపులెత్తీ దించే లస్కరుగా చేసి పోయాడు. మామ్మకి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. అయినా కిటికీలోంచి నా గొంతు వినగానే, "తిన్నావా అమ్మాయ్?" అని అడిగేది. పక్కన ఎందరున్నా ముందు ఆ మాటే.

నేను చేరిన రెండో ఏడనుకుంటాను, మా ఆఫీసుని తెనాలి ఆఫీసులో కలిపేస్తారన్న కబురు వచ్చింది. పెన్షన్లన్నీ ఇక అక్కడే ఇస్తారు, సిబ్బంది కూడా అక్కడికే. మిగతావాళ్ళ సంగతేమో గానీ నాకు మాత్రం పండగే అయింది. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఆఫీసు, మధ్యాహ్నం వెళ్ళి పాపకి పాలిచ్చి రావచ్చు. ఆ సాయంత్రం అత్తమ్మ సేమ్యా వండి ఇరుగుపొరుగుకి పంచింది.

మరుసటి నెల కిటికీ దగ్గరికొచ్చిన మామ్మ డబ్బులు కొంగున కట్టుకుని, వెళ్ళకుండా నిలబడింది. "తెనాలి స్టేషన్లో దిగాక మీ ఆఫీసు ఎటేపమ్మాయ్? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళెవరన్నా ఉంటారా?" అని అడిగింది. కోపంగా కాదు, దారి కనుక్కుంటున్నట్టే అడిగింది. ఉంటారులే మామ్మా అన్నాను గానీ, ఎవరుంటారు? ఆ రోజు తిరుగు బండిలో కిక్కిరిసిన జనం మధ్య, మెట్టు ఎక్కలేక వెనక్కి తగ్గుతున్న ఒక ముసలాయన్ని చూశాక నాకు సేమ్యా తీపి విరిగిపోయింది.

మార్పు ఖాయం చేసేముందు పైఆఫీసరు ఒకాయన పరిశీలనకి వచ్చారు. ఆ రోజు పెన్షన్ రోజు కాకపోయినా, పొద్దున బస్సు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి వరండాలో కూర్చున్నారు. కేకల్లేవు, జెండాల్లేవు. రిటైరైన మాస్టారొకాయన వాళ్ళ తరఫున చెప్పబోయి మధ్యలో ఆగిపోతే, లాకుల మామ్మ గోడ పట్టుకుని లేచింది.

"వరదొచ్చినా మా ఆయన లాకులు వదిలి రాలేదు బాబూ. మా ఇంటికి తెచ్చిమ్మని అడగట్లేదు. ఇచ్చే చోటు ఇక్కడే ఉంచమంటున్నాం, అంతే."

ఆఫీసరుగారు లోపలికొచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ పలకరించారు. నా దగ్గర ఆగి, "మీది తెనాలేగా అమ్మా, ఈ మార్పు మీకు మంచిదే కదా?" అన్నారు. అవునండి అంటే సరిపోయేది. పాప మొహం కళ్ళముందు కదిలింది.

"నాకు మంచిదేనండి. వాళ్ళకి కాదండి. జీతం కోసం మేం రోజూ ఆ బండెక్కుతాం. ఆ ఓపిక అయిపోయాకే కదండి వాళ్ళు పెన్షన్‌కొచ్చింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన తలూపి వెళ్ళిపోయారు.

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికే ఎక్కువ భయపడ్డాను. అత్తమ్మ నమాజు ముగించి, పాపని జోకొడుతూ అంతా విన్నది. మా మామగారు బియ్యం మిల్లులో బస్తాలు మోసీ మోసీ పోయిన మనిషి, ఆయన వెనక ఆవిడకి ఏ పెన్షనూ రాలేదు. ఆవిడ మా ఇంటి ఉర్దూలో అన్న మాట తెలుగులో చెప్పాలంటే ఇంతే: "నాకెలాగూ లేదు. ఉన్నవాళ్ళకైనా ఉండనీ. పిల్ల సంగతి నేను చూసుకుంటాలే."

మా ఆఫీసు కదల్లేదు. పాప బడికెళ్ళేదాకా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నేను ఆ బండిలోనే తిరిగాను. నా బదిలీ ఆగిన వైనం బంట్రోతు ద్వారా మామ్మకి ఎలాగో తెలిసింది. నాతో ఒక్క ముక్క కూడా అనలేదు గానీ, అప్పటినుంచీ వరండాలో ఎవరైనా కబుర్లలో పడితే, "అమ్మాయికి బండి టైమవుతోంది, కదలండి కదలండి," అని తొందరపెట్టేది. అలా తొందరపెడుతూనే ఒక వానాకాలం తర్వాత రావడం మానేసింది. ఎప్పుడు పోయిందో వాళ్ళ ఊరివాళ్ళు చెప్పాకే తెలిసింది.

తర్వాత డబ్బులు బ్యాంకుల్లో పడటం మొదలయ్యాక ఆ కిటికీ దగ్గరికొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి అది దానంతటదే మూతపడింది. ఎవరూ మూయమనలేదు, ఎవరూ వద్దనలేదు. సుఖం పెరిగింది, కాదనను, నేనూ ఆ సుఖమే అనుభవిస్తున్నాను. కానీ ఈమధ్య తెనాలిలో, మెషీన్‌లో వేలిముద్ర పడక పెన్షన్ కోసం నెలనెలా తిరుగుతున్న మా వీధి పెద్దాయనకి తోడుగా ఆఫీసుకి వెళ్ళాను. అక్కడున్న కుర్రాడు మంచివాడే, "నా చేతుల్లో ఏమీ లేదండి, పైనుంచి రావాలండి," అని పాపం బతిమాలుతున్నట్టు చెప్పాడు. ఆ పైన అంటే ఎక్కడో అతనికీ తెలియదు. ఆనాటివాళ్ళు ఒక వరండాలో కూర్చుంటే వినడానికి ఒక మనిషి రావలసి వచ్చింది. రేపు మనకి రావలసింది ఆగిపోతే, మనం ముసలివాళ్ళం పోయి కూర్చోవడానికి ఎవరి గుమ్మం మిగిలిందా అని ఆలోచిస్తూ, ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని మెల్లగా రోడ్డు దాటించాను.