మగ్గాల ఇంట్లో మాట

కుప్పం నుంచి మదనపల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త గొంతు ఎట్లుంటుందో నాకు సరిగ్గా తెలియదు. ఇంటి ముందరి హాలంతా మరమగ్గాలే. అవి ఆడుతున్నంతసేపూ వంటింట్లో గిన్నెలు కూడా అదురుతా ఉండేవి. ఆ హోరులో ఆమె నోరు కదిలేది, మాట మాత్రం సగమే నా దాకా చేరేది. మిగతా సగం నేనే ఊహించుకోవాలి. మళ్ళీ మళ్ళీ అడిగితే ఏమనుకుంటారోనని అన్నిటికీ తలూపేదాన్ని.

మా ఆయన ఒకరోజు నా చెవి దగ్గరికి వచ్చి అరిచి చెప్పాడు. "ఈడ చెవులతో పని కాదు. నోరు సూడు."

చూడడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం మా అత్త రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడతా, నా వైపు తిరిగి ఏదో అనింది. "పప్పు సూడు" అన్నట్టు తోచింది. వంటింట్లోకి పోయి కుక్కర్ మూత తీశాను. పప్పు మెత్తగా ఉడికి ఉంది. నిజానికి ఆమె అనింది "మబ్బు సూడు" అని. నేను పప్పు కలిపేలోపల వాన పడి, మిద్దె మీద ఆరేసిన పట్టు నూలు తడిసి, ఎరుపు రంగు పసుపులోకి దిగిపోయింది. పప్పన్నా మబ్బన్నా పెదాలు ఒకే తీరుగా కదులుతాయని నాకప్పుడు తెలియదు. మా ఆయన ఆ నూలు పిండుతా నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే మా అమ్మ ఫోన్ చేసింది. ఆ ఇంట్లో నేను మాట్లాడడానికి చోటు లేదు. మగ్గాలు ఆగితే నా మాట అందరి చెవినా పడుతుంది, ఆడుతుంటే మా అమ్మకు వినపడదు. వెనక వాకిలి దగ్గర నిలబడి, ఒక చెవిలో వేలు పెట్టుకున్నాను.

"అమ్మా, నాకు ఈడ ఊపిరాడ్డంలేదు. వచ్చి పిల్చుకోని పో."

"ఏమంటాండావో తెలీలేదు పాపా. టకటకే ఇనపడతా ఉండాది."

మళ్ళీ చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. ఆఖరికి విసుగొచ్చి "బాగుండాను" అన్నాను. అది మాత్రం వినపడింది ఆమెకు. "అంతే సాలు" అని పెట్టేసింది.

తలెత్తితే, మా అత్త రాట్నం ఆపి నన్నే చూస్తా ఉంది.

ఆ తర్వాత పుంగనూరులో బంధువుల గృహప్రవేశానికి ఇద్దరం బస్సులో పోతున్నాం. ఊరు దాటినాక ఆమె నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు మీ అమ్మతో నువ్వన్న మాట నాకు తెలుసు."

"ఇనపడిందా అత్తా?"

"ఇనపళ్ళేదు. సూస్తి. మగ్గాల సద్దుకు నా సెవులు పోయి శానా ఏండ్లాయె. ఎవురికీ తెలీదు. నోర్లు సూసి నెట్టుకొస్తాండా. కరెంటు పోయి సీకటైతే ఇంట్లో మనుషులు లేనట్టే నాకు."

"మీ కొడుకుతో యాల సెప్పలేదు?"

"సెప్తే మూల కూసోబెడతారు. నా ముందరే నా గురించి మాట్లాడుకుంటారు. నువ్వు పోవాలంటే పో, నేనేమీ అనను. ఉంటే మాత్రం ఎదురుగా వచ్చి మాట్లాడు."

పుంగనూరు ఇంట్లో మైకు మోగుతా ఉంది, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఆమెకెదురుగా కూర్చుని, ఎవరేమడిగినా ఆ మాటనే గొంతు లేకుండా పెదాలతో ఆమెకు చెప్పాను. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మోకాలు తట్టాను. ఆమె అందరికీ సరిగ్గా జవాబిచ్చింది. భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని, తిరిగి బస్సెక్కేదాకా వదల్లేదు. ఆ చెయ్యి విడిపించుకుని కుప్పం పోయేదెట్లో నాకు తెలియలేదు.

పోలేదు. కరెంటు పోయినప్పుడల్లా ఫోన్ లైటు నా మొహం మీదే వేసుకుని ఆమెతో మాట్లాడేదాన్ని. మా ఆయన అది గమనించి అడిగితే, దాచలేక చెప్పేశాను. మా అత్తకు కోపమొచ్చింది. అరవలేదు. నేను మాట్లాడబోతే మొహం పక్కకు తిప్పేసుకునేది. ఆమెతో మాట ఆగిపోవడానికి అంతకంటే ఏమీ అక్కరలేదు. గోడతో మాట్లాడినట్టు ఎన్నో రోజులు గడిచాయి. మా ఆయన చెవి మిషన్ కొనిచ్చాక మెల్లగా మెత్తబడింది. మగ్గాలు ఆడేటప్పుడు అది తీసి పెట్టేస్తుంది. మాటకంటే ముందు మగ్గం సద్దే పెద్దదవుతుందట అందులో.

నేనూ ఆ మగ్గాల హోరులోనే ఏండ్లు గడిపాను. మొన్న కుప్పం పోయినాను. మా అమ్మ నాకు వీపు పెట్టి పొయ్యి దగ్గర ఏదో అడిగింది. ఇల్లంతా నిశ్శబ్దం. గొంతు వినపడింది, మాట తెలియలేదు.

"ఇట్ల తిరుగమ్మా" అన్నాను.

ఆమె తిరిగింది. గరిటె చేతిలో అట్లే ఉంది. "యాల, ఇనపళ్ళేదా?"

మా అత్త లాగే నేనూ దాచి, ఏమీ లేదని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే మదనపల్లెకు బయల్దేరాను.