తలూపిన డాక్టరు

ఆమె బతికేది కుట్టుపని మీద. ఏడాదికి రెండుసార్లు మాత్రం వైద్య కళాశాలకు వెళ్లి రోగి అవతారం ఎత్తుతుంది. కాబోయే డాక్టర్లు రోగి మాట ఎలా వింటారో, ఎలా మాట్లాడతారో చూసే పరీక్ష అది. కాగితం మీద రాసిచ్చిన జబ్బు నిజంగా ఉన్నట్టే నటించాలి.

ఆ పనికి ఆమె ఊరికే ఒప్పుకోలేదు. అక్క మూడుసార్లు ఆసుపత్రికెళ్లి, ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పబోయింది. మూడుసార్లూ మాట పూర్తికాకముందే గ్యాస్ మాత్రలిచ్చి పంపేశారు. నాలుగోసారికి అక్క లేదు.

ఈసారి ఇచ్చిన జబ్బు కడుపునొప్పి. ఇదే నొప్పితో తండ్రి పోయాడన్న భయం మనసులో ఉంటుంది. డాక్టరు అడిగి, కాస్త ఆగితే బయటపెట్టాలి.

విద్యార్థి చిరునవ్వుతో వచ్చి కూర్చున్నాడు.

"చెప్పండమ్మా."

"కడుపులో నొప్పండీ. అసలేమైందంటే, మా నాన్నకి కూడా..."

"మీ బాధ నాకర్థమైందమ్మా," అని తలూపాడు. "కారం తగ్గించండి. మందు రాస్తాను."

ఆమె మరో రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ తలూపుతూనే అడ్డుపడ్డాడు.

అతను వెళ్లాక, మూలన కూర్చున్న పరీక్షాధికారి ఇరవైకి పద్దెనిమిది వేశాడు. అది చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చూసి వేశారండీ?"

"పలకరించాడు, కళ్లలోకి చూశాడు, తలూపాడు. అన్నిటికీ టిక్కు పడిందమ్మా."

"తలూపడం గంగిరెద్దుకీ వచ్చు! నేనింకా నా బాధ చెప్పనేలేదు, అప్పుడే అర్థమైపోయిందట!"

"మార్కులు వేసేది మేమమ్మా, మీరు కాదు."

"జాకెట్టు సరిపోయిందో లేదో తొడుక్కున్న మనిషి చెప్పాలా, కుట్టిన నేను చెప్పాలా?"

ఆ కేకలకు పక్కగదిలోంచి విభాగాధిపతి వచ్చింది. సంగతి విని ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలిపించింది.

"ఈవిడ దేనికి భయపడుతోంది?"

"భయమా మేడమ్? ఆవిడ చెప్పలేదే!"

"చెప్పనిస్తేగా నాయనా!" కుట్టుపనామె మధ్యలో అందుకుంది. "మా అక్కనీ ఇలాగే చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పడానికి మనిషే లేదు."



విభాగాధిపతి ఆ పద్దెనిమిదిని కొట్టేసింది. మర్నాడు మరో జబ్బుతో అతనికి మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి అతను ఒకే ప్రశ్న అడిగి, నోరు మూసుకుని విన్నాడు.

ఆర్నెల్లకు మార్కుల కాగితంలో కొత్త గడి వచ్చింది: "మీరు చెప్పాలనుకున్నది చెప్పగలిగారా?" దాన్ని నింపాల్సింది రోగే. విభాగాధిపతి సంబరంగా చూపించింది.

ఆమె మాత్రం నవ్వలేదు.

"ఈ గడి లేకుండా ఇన్నేళ్లూ ఎంతమందిని పాస్ చేశారు మేడమ్?"