కొండ మీది పుదీనా చాయ్

2007లో కంపెనీ సర్వే పని మీద మొరాకో వెళ్లాను. ఫెజ్, మరాకేష్ నగరాలు తిరిగి అట్లాస్ కొండల్లోని బెర్బర్ తెగవాళ్ల ఊళ్లకు చేరేసరికి మా గైడు మీద నాకు ఒళ్లు మండిపోతోంది. వాడు నగరం మనిషి. దారి పొడుగునా ఒకటే పాట: "కొండవాళ్ల ఇళ్లలో ఏమీ తాగకండి, శుభ్రం ఉండదు."

ఒక ఇంట్లో ముసలావిడ పుదీనా చాయ్ కాచి, ముందు తాను గుక్కెడు తాగి చూసి, మా ఇద్దరికీ గ్లాసులు అందించింది. గైడు తన గ్లాసు పక్కకు నెట్టి సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"సిగ్గు లేదా నీకు?" అని వాడి మీద అరిచాను.

"మీ దేశంలో కొండవాళ్ల ఇళ్లలో మీరు తాగుతారా?" అన్నాడు వాడు.

ఇంకా మండిపోయింది, జవాబు నాకు తెలుసు కాబట్టి. అంతకుముందు మా దగ్గర గోదావరి పక్కన చర్ల అడవిలో సర్వేకు పోయేటప్పుడు మా ఆఫీసు వాళ్లందరం ఇంటి నుంచే నీళ్లు మోసుకుపోయేవాళ్లం. ఒక ఎండాకాలం కోయగూడెంలో ఒకామె సొరబుర్ర నిండా నీళ్లు తెచ్చి, "తాగు సారూ, ఇప్పుడే వాగుల తోడుకొచ్చిన" అంది.

"వద్దమ్మా, మా నీళ్లు మాకున్నయ్" అన్నాను.

అప్పటికి నా సీసాలో చుక్క లేదు.