పెళ్లికొడుకుల ఇసుక మేట

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నిలబడితే, ఇంజను పడవ వదిలిన డీజిలు పొగ, తడి ఇసుక వాసన కలిసి ముక్కుకి తగిలాయి. అంతే, మంగాయమ్మత్త గుర్తొచ్చి ఒక్కదాన్నే ఫక్కున నవ్వేశాను. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నావిడ నన్ను అదోలా చూసింది.

మాది గోదావరి మధ్యలో చిన్న లంక. పడవ ఎక్కందే గుండుసూది కూడా దొరకదు. అందుకే మా ఆడపిల్లల సంబంధాలు ఒడ్డు దాకా వచ్చి, నీళ్లు చూసి వెనక్కి తిరిగిపోయేవి. మంగాయమ్మత్త మా పక్కింటావిడ. చుట్టం కాకపోయినా, పెళ్లివారిని పడవలో తీసుకొచ్చే పెత్తనం ఆవిడదే. వేసవిలో మా రేవు ముందు ఇసుక మేట వేసేది. చుట్టూ తిరిగి రావచ్చు. అత్త మాత్రం పడవవాడికి కన్ను గీటి, సరిగ్గా దాని మీదకే పోనిచ్చేది. నా వంతు వచ్చినప్పుడు నన్ను ముందే రేవు పక్కన అరటిచెట్ల వెనక నిలబెట్టింది.

"వాళ్లేనా చూసేది? నువ్వూ చూడవే!"

మొదట భీమవరం నుంచి రొయ్యల మేత వ్యాపారం చేసే అబ్బాయి వచ్చాడు. అబ్బ, ఎంత బాగున్నాడో! పడవ ఇసుకలో దిగబడగానే అందరూ దిగి తోశారు. వాళ్ల నాన్నగారు కూడా పంచె ఎగ్గట్టారు. పెళ్లికొడుకు మాత్రం నల్లకళ్లద్దాలు పెట్టుకుని, బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లకి నేను నచ్చాను. మా నాన్న పొంగిపోతుంటే అత్త అడ్డుపడింది.

"వద్దండి అన్నయ్యగారూ. కన్నతండ్రి తోస్తుంటే కదలకుండా కూర్చున్నాడండి."

"అతను చేసుకునేది మన పిల్లనా, పడవనా చెల్లెమ్మా?" అని నాన్న మండిపడ్డాడు.

నాకూ ఒళ్లు మండి అత్తని తిట్టిపోశాను. ఇంకో సంబంధం రాకపోతే నా గతేంటని భయం. కానీ నేనూ కళ్లారా చూశాను కదా. నాన్న అడిగితే ఏడుస్తూనే వద్దన్నాను.

తర్వాత రామచంద్రపురం నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. పడవ ఆగీ ఆగకముందే నీళ్లలోకి దూకాడు. నిలువునా తడిసి ముద్దయినా, ఎవరూ అడక్కుండానే తోశాడు. తడిబట్టలు మార్చుకుని, మా నాన్న లుంగీలోనే అతను పెళ్లిచూపుల్లో కూర్చున్నాడు. అతనికే నన్నిచ్చారు. అత్త తన ఎంపిక గురించి లంకంతా చాటింపు వేసుకుంది.

పెళ్లయిన చాన్నాళ్లకి మా ఆయన నోరు జారాడు.

"నేనెక్కడ దూకాను? పడవ కుదిపేసరికి కాలు జారి పడ్డాను."

నేను నోరు వెళ్లబెట్టాను. అత్త మొహం ఎలా పెడుతుందో చూద్దామని పనిగట్టుకుని లంకకి వెళ్లి చెప్పాను. అప్పటికే మంచం పట్టిన మనిషి, బోసినోటితో పకపకా నవ్వింది.

"పడితే పడ్డాడు. మళ్లీ ఎక్కి కూర్చోవచ్చు కదే. తోశాడా, లేదా?"

తోశాడు. నా జబ్బుల్లో, పిల్లల చదువుల్లో, ఇప్పటికీ తోస్తూనే ఉన్నాడు. అత్త పోయి ఏళ్లయింది. నా మంచి కోసం నా చేతే తిట్లు తిన్న మనిషి మళ్లీ దొరకలేదు నాకు.

మొన్న మా అమ్మాయి, తనకి నచ్చిన అబ్బాయిని ఇంటికి తీసుకొస్తానంది. నేను పిండివంటలు చెయ్యలేదు, ఇల్లు సర్దలేదు. నిండు గ్యాస్ బండని దొర్లించుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి, కర్టెన్ వెనక నిలబడ్డాను. మా ఆయన బండని చూశాడు, నన్ను చూశాడు, ఒక్క మాట కూడా అడక్కుండా వచ్చి నా పక్కనే నక్కాడు.