ఏ పొరవో తెలియని పళ్లు

పుంగనూరు వెళ్తే మునీశ్వరి మేడమ్‌ని కలవకుండా రాకండి. చూడటానికి మామూలు స్కూలు టీచరమ్మే. కానీ ఆమె బీరువాలో వేల ఏళ్ల కిందట ఈ నేల మీద తిరిగిన జంతువుల పళ్లు ఉన్నాయి. వాటి సంగతి అడిగితే ముందు టీ ఇస్తారు, తర్వాతే కథ మొదలుపెడతారు.

తొంభైల చివర్లో ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. పీహెచ్‌డీ పూర్తయితేనే ఉద్యోగం ఉంటుందని యాజమాన్యం తేల్చేసింది. అప్పుడే కుప్పం దగ్గర గంగులయ్య అనే రైతు ఎండిపోయిన బావిని లోతు చేయిస్తుంటే గోడలో ఎముకలు కనబడ్డాయి. కబురు తెలిసి ఆమె దిగి చూశారు. జింక దవడ, ముళ్లపంది పళ్లు, గుర్రం పళ్లలాంటివి కొన్ని. అన్నీ రాయిలా గట్టిపడ్డాయి. పీహెచ్‌డీ వీటి మీదే చేద్దామనుకున్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ గోడలో పైన ఎర్రమట్టి, కింద బూడిదరంగు బంకమట్టి. రెండింటికీ మధ్య వేల ఏళ్ల తేడా. ఒకే పొరలో దొరికినవి ఒకే కాలంలో బతికిన జంతువులని లెక్క. ఏది ముందు వచ్చింది, ఏది మాయమైంది, ఏది మారుతూ ఇప్పటిదాకా మిగిలింది అన్నది అలాగే తేలుతుంది. పొర తెలియని ఎముక దేనికీ పనికిరాదు.

అందుకే ఆమె ఒక్కటీ పీకలేదు. తడి గోనెపట్టా కప్పారు. కింది పొరలోంచి కాస్త బొగ్గు మాత్రం తీసి, వయసు కట్టే ల్యాబుకి పంపారు. కొలతలూ ఫొటోలూ కాలేజీ పిల్లల పరీక్షలయ్యాక తీద్దామని మదనపల్లె వెళ్లిపోయారు.

తిరిగొచ్చేసరికి గోడ ఖాళీ.

"యాడికి పోయినాయి గంగులయ్యా?"

వాళ్లమ్మ చౌడమ్మే జవాబిచ్చింది. "నేనే తీపిచ్చినానమ్మా. మా పాడావు సచ్చిపోయ. బావిలో నీళ్లూ పడల్యా. గోవు ఎముకల్ని ఎండకి పెట్టుకోని కూసుంటే నీళ్లు యాడ పడతాయి?"

"అవి గోవులవి కాదు అవ్వా."

"ఏందో ఒగ నోరులేని జీవం గదా. పసుపూ సున్నం పూసి, అన్నీ ఒగే గుడ్డలో మూటగట్టి పూడ్సినాము. పాలు గూడా పోసినాము. మా టీలోకి లేకపోయినా వాటికి పోసినాము."

సొంత ఆవు చస్తే చేసే మర్యాదంతా చేశారు. ఆ ముసలామెని ఏమని తిడతారు?

గుంత తవ్వి మూట విప్పితే అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సున్నం ఇంకిన ఎముకల వయసు నమ్మకంగా చెప్పలేమని ల్యాబువాళ్లు అన్నారు. బొగ్గు వయసు మాత్రం వచ్చింది, ముప్పై వేల ఏళ్ల పైమాటే. జింక దవడ బంకమట్టిలో ఉండటం ఆమెకి బాగా గుర్తు. గుర్రం పళ్లు ఏ పొరలో చూశారో ఎంత ఆలోచించినా తేలలేదు. అవి కింది పొరవైతే అంత పాతకాలంలోనే ఇక్కడ గుర్రాలు తిరిగినట్టు; థీసిస్ నిలబడాల్సింది వాటి మీదే.

గైడ్ జయచంద్ర గారు చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఈమె డిగ్రీ చూసి వెళ్దామనుకున్నారు.

"అన్నీ కింది పొరవే అని రాసెయ్ తల్లీ. నీళ్లు పడలేదని గంగులయ్య బావి పూడ్సేసినాడంట గదా. ఇంగ ఎవురు దిగి సూస్తారు?"

"నాకే తెలీదు గదా సార్."

"నీకు తెలీకుంటే ఆ గుర్రం వచ్చి సాక్ష్యం సెప్తాదా?"

ఆమెకి నవ్వొచ్చిందట. కానీ ఇంటికెళ్లి 'పొర తెలియదు' అనే రాశారు. థీసిస్ తిప్పి పంపారు. జయచంద్ర గారు రిటైరయ్యారు, ఇంకో గైడ్ ఎవరూ ఒప్పుకోలేదు. కాలేజీ ఉద్యోగమూ పోయింది. గంగులయ్య కుటుంబం కూలికి బెంగళూరు వెళ్లిపోయింది.

"మీరు అబద్ధం రాయలేదు కదా మేడమ్, ఆ తృప్తైనా ఉంటుంది" అన్నాను.

"ఏం తృప్తిలేప్పా," అన్నారు. "కింది పొరవని రాసేసి, అవి పై పొరవై ఉంటే, నా రాత నమ్మి నా ఎనకాల వచ్చే వాళ్లంతా తప్పే రాసేవాళ్లు. నిజంగా కింది పొరవే అయ్యుంటే? చేతిలో ఉండే నిజాన్ని నేనే పారేసినట్టు గదా. ఏది నిజమో ఇంగ ఎవురికీ తెలీదు."

ఆ కాగితం మీ ముందుంటే, మీరు ఏం రాసేవాళ్లు?